దిగే దారి చూసుకుని కొండెక్కాలి

విజయవాడ నుంచి అరకుకు ఫోన్‌లో దారి వెతికితే మ్యాప్ రెండు మూడు గీతలు గీసి, ఏది ఎన్ని కిలోమీటర్లో, ఏది ఎన్ని గంటలో చెబుతుంది. కారుకు ఆ రెండు సంగతులూ దాదాపు సరిపోతాయి. మంచాలు, వంటగట్టు, బాత్‌రూమ్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, నెత్తిన ఏసీ మోస్తూ పది టన్నులు తూగే క్యారవాన్‌కు సరిపోవు. ఘాట్‌లో వాలు ఎంతో, మలుపు కొనలో రోడ్డు ఎంత వెడల్పో, ఎదురుగా లారీ వస్తే ఎక్కడ ఒదగాలో ఆ గీతలో కనిపించదు. పైగా నాలుగు కిలోమీటర్లు కలిసొస్తాయని బండిని ఇరుకు ఘాట్‌లోకి పంపినా పంపుతుంది. సినిమా షూటింగుల్లో చూసే ఈ బండ్లలో ఇంటిల్లిపాదీ కొండలకు బయల్దేరేటప్పుడు, దారి ఎంపికకు వేరే లెక్క కావాలి.

ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్టీరింగ్ పట్టినవారి చేతికి అలవాటైంది చదును నేల. ఇక్కడా ఘాట్ రోడ్లున్నాయి: ఇంద్రకీలాద్రి, మంగళగిరి, కోటప్పకొండ, కొండవీడు. అవన్నీ కొద్ది నిమిషాల్లో ముగిసేవి. బ్రేకు డ్రమ్ము కాలి పట్టు వదిలే స్థితి రాకముందే కింద రోడ్డు వచ్చేస్తుంది. మలుపు తిప్పడం ఎలాగో అక్కడ తెలుస్తుంది గానీ, గంటసేపు ఆగకుండా దిగడమంటే ఏమిటో తెలియదు. అరకు, శ్రీశైలం, మారేడుమిల్లి వెళ్లే పెద్ద బండికి అసలు పరీక్ష ఆ గంటే. అందుకే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న, ఎటు నుంచి దిగాలి? ఎక్కలేని బండి ఆగిపోతుంది, ఇంజన్ వేడెక్కితే పక్కకు తీసి చల్లార్చుకోవచ్చు. దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఆ వెసులుబాటు ఉండదు.

ఇది భయపెట్టడానికి అన్న మాట కాదు, లెక్క వేస్తే తేలేదే. 10 టన్నుల బండి 900 మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాని బరువు విడుదల చేసే శక్తి 88 మెగాజౌళ్లు. కరెంటు మీటరు భాషలో 24 యూనిట్ల పైమాట, రోజుకు 8 యూనిట్లు కాలే ఇంటికి మూడు రోజుల వాడకం. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు ఆ ఎత్తులోనే ఉంది. ఆ దిగుడు 40 నిమిషాల్లో పూర్తయితే, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 36 ఆ 40 నిమిషాలూ ఏకధాటిగా వెలుగుతున్నంత వేడి పుడుతుంది. టైర్ల రాపిడి, గాలి కొంత తీసుకుంటాయి. మిగతాది ఇంజన్ అయినా పట్టాలి, బ్రేకులైనా మింగాలి. డీజిల్ మిగులుతుందని బండిని న్యూట్రల్‌లో వదిలితే ఇంజన్ వాటా సున్నా. భారమంతా నాలుగు బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది.

డ్రమ్ము కాలితే జరిగేవి రెండు. డ్రమ్మును ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీ, అంటే లైనర్ మీద రాపిడి తగ్గుతుంది, వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనర్‌కు ఎడం జరుగుతుంది. హైడ్రాలిక్ బ్రేకులుండే చిన్న క్యారవాన్లలో ఇంకో చిక్కు ఉంది. చాలాకాలం మార్చని బ్రేక్ ఆయిల్‌లో తేమ చేరి, వేడికి ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఎయిర్ బ్రేకుల బండిలో అదే పనిగా తొక్కి వదులుతుంటే ట్యాంకులో గాలి పడిపోతుంది. లైనర్ కాలిన వాసన మొదటి కబురు. అది ముక్కుకు తగిలిన చోటే, వీలైన మొదటి వెడల్పులో ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. డ్రమ్ముల మీద నీళ్లు కుమ్మరించకూడదు. ఎర్రగా కాలిన పోత ఇనుము చల్లటి నీళ్లకు పగులుతుంది.

ఇంజన్‌తో బండిని పట్టి ఉంచడమే దీనికి విరుగుడు. వాలు మొదలవకముందే రెండో గేరుకో మూడో గేరుకో రావాలి. బండి వేగం అందుకున్నాక గేరు తగ్గించబోతే అది పడక, మధ్యలో న్యూట్రల్‌లో చిక్కుకోవచ్చు. ఎక్కిన గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పేది ఇందుకే. అయితే డీజిల్ ఇంజన్‌కు యాక్సిలరేటర్ వదిలినంత మాత్రాన పెద్ద పట్టు ఉండదు, ఇంజన్ పొగ బయటికి పోకుండా అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకో, బ్రేకు డ్రమ్ములతో పనిలేకుండా బండిని నిదానింపజేసే రిటార్డరో తోడుండాలి. క్యారవాన్ అద్దెకు తీసుకునేవారు ఏసీ ఎన్ని టన్నులు, టీవీ ఎన్ని అంగుళాలు అని అడిగే ముందు ఎగ్జాస్ట్ బ్రేక్ ఉందా, పనిచేస్తోందా అని అడగడం అన్నిటికంటే ముఖ్యం. కొత్తగా కట్టించుకునేవారు బయల్దేరే ముందు సామాను, మనుషులు, నిండు ట్యాంకుతో ఒకసారి కాటా వేయించాలి. ముందు ఇరుసు ఎంత, వెనక ఇరుసు ఎంత అని విడివిడిగా తూయించి ఆర్‌సీలో ఉన్న బరువుతో సరిచూడాలి. బస్సు ఛాసిస్ మీద ఇల్లు కట్టేటప్పుడు వంటగట్టు, నీళ్ల ట్యాంకు, జనరేటర్ అన్నీ ఒక పక్కకే చేరితే మలుపులో బండి ఆ పక్కకే ఒరుగుతుంది. 300 లీటర్ల నీళ్లంటే 300 కిలోలు. సగం నిండిన ట్యాంకులో అవి ఊగుతాయి కూడా.

ఒక కొండకు ఎక్కే దారి, దిగే దారి వేరు చేస్తే ఎంత మేలో తిరుమల చూపిస్తోంది. మొదటి ఘాట్ 1944లో తెరిచారు, రెండోది 1970లలో వచ్చింది. ఇప్పుడు కొత్తదాని మీద ఎక్కుతారు, పాతదాని మీద దిగుతారు. ఎదురు బండి బెడద లేకపోవడంతో మలుపులో రోడ్డంతా వాడుకోవచ్చు. అంతకంటే గమనించాల్సింది అక్కడి సమయం నిబంధన: ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదు. సుమారు 19 కిలోమీటర్ల దిగుడుకు 40 నిమిషాలంటే సగటున గంటకు 28 కిలోమీటర్లు. ఎక్కడానికి ఇచ్చినదానికంటే దిగడానికి ఎక్కువ సమయం ఇవ్వడంలో ఏళ్ల అనుభవం ఉంది. అరకులోనో శ్రీశైలంలోనో అలా సమయం కట్టడి చేస్తూ ఎవరూ చీటీ ఇవ్వరు కాబట్టి పెద్ద బండి డ్రైవరే ఆ లెక్క తనకు తాను పెట్టుకోవాలి. 2022 నుంచి తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. అవి దిగేటప్పుడు పుట్టే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి పంపుకుంటాయి. పైన చెప్పిన 24 యూనిట్లలో కొంత డ్రమ్ముల్లో వృథాగా కాలకుండా మిగులుతుందన్నమాట. క్యారవాన్లూ ఆ బాట పడితే ఘాట్ ప్రయాణం రూపే మారుతుంది.

ఇక మలుపులు. తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ఎంత కోస్తాయన్నది రెండు ఇరుసుల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. ముందు చక్రాలు 15 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతున్నాయనుకుంటే, ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లుండే కారుకు ఆ కోత 21 సెంటీమీటర్లు. నాలుగు మీటర్లుండే టెంపో ట్రావెలర్ లాంటి బండికి 54 సెంటీమీటర్లు. ఆరు మీటర్ల పెద్ద బస్సుకు ఒకటింపావు మీటరు. ఇరుసుల దూరం కారుకు రెండున్నర రెట్లు కూడా లేకపోయినా కోత ఆరు రెట్లవుతోంది. కొండ లోపలి వైపు కాలువ ఉంటే వెనక చక్రం అందులో పడేది ఈ కోత వల్లే. దాన్ని తప్పించుకోవడానికి డ్రైవర్ మలుపును వెడల్పుగా తీస్తే బండి ముక్కు ఎదుటి వరుసలోకి వెళ్తుంది.

హెయిర్‌పిన్ మలుపు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతాయి. లోపలి వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు, రెండు వరుసల జాతీయ, రాష్ట్ర రహదారుల్లో మలుపు కొన దగ్గర వెడల్పు పదకొండున్నర మీటర్లు, అక్కడ వాలు 40కి 1, అంటే 40 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు, మించకూడదు. కొండ ప్రాంతంలో రోడ్డు వాలు మామూలుగా 20కి 1, గత్యంతరం లేనిచోట 14కి 1 దాకా అనుమతిస్తారు. ఈ కొలతలకు తగ్గట్టు కట్టిన ఘాట్‌లో పెద్ద బండి ఒక్క తిప్పుతో తిరుగుతుంది. పాత బండ్ల బాటను తారు వేసి రోడ్డు చేసిన చోట తిరగదు. ముందుకొచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు రావాలి. వెనక్కి వెళ్లేది లోయ వైపు. ఇరుసు వెనక సాగి ఉండే తోక కూడా అప్పుడే ఇబ్బంది పెడుతుంది. మన నిబంధనల ప్రకారం అది ఇరుసుల దూరంలో 60 శాతం దాకా ఉండొచ్చు. అంటే ఐదు మీటర్ల బండికి మూడు మీటర్ల తోక. మలుపులో అది బయటి వైపుకు ఊగి పిట్టగోడను రాస్తుంది, వాలు మారే చోట నేలకు తగులుతుంది. వెనక అద్దెగదిలా పొడిగించి కట్టిన క్యారవాన్ లోపల ఎంత విశాలంగా ఉంటుందో, కొండ మీద అంత ఇక్కట్లు తెస్తుంది.

ప్రతి ఘాట్‌లో మలుపులు కొలిచి రావడం ప్రయాణికుడికి కుదిరే పని కాదు. ఆ పని ఆర్టీసీ ఎప్పుడో చేసేసింది. ఒక ఘాట్‌లో రోజూ ఏ రకం బస్సు తిరుగుతోందో డిపోలో అడిగితే చాలు. విజయవాడ, గుంటూరుల నుంచి పొడవైన బస్సులు నేరుగా వెళ్లే కొండకు అంతే పొడవున్న క్యారవాన్ వెళ్లగలదు. కింద ఊళ్లో దిగి పొట్టి బస్సో జీపో మారాల్సిన కొండ అయితే, ఆ మారడంలోనే జవాబు ఉంది. ఫోన్ మ్యాప్ కంటే ఈ ఒక్క ప్రశ్న ఎక్కువ నమ్మదగింది.

ఈ కొలబద్దతో అరకు దారులను చూస్తే తేడా తెలుస్తుంది. తుని నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి, చింతపల్లి, పాడేరు దాటి అరకు చేరడం ఒకటి. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కడం రెండోది. అనకాపల్లి దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి, సబ్బవరం, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు చేరడం మూడోది. మొదటిదాని అందం ఎంత చెప్పినా తక్కువే. చలికాలపు లంబసింగి పొద్దు చూసినవాళ్లకు అది తెలుసు. అయినా పెద్ద క్యారవాన్‌తో అది ఎంచుకోదగ్గ దారి కాదు. ఘాట్ ఎక్కాక కూడా అరకు దాకా మన్యం కొండల్లో ఎక్కుతూ దిగుతూ చాలా దూరం పోవాలి, మధ్యలో పెద్ద బండికి మెకానిక్ దొరికే ఊళ్లు అరుదు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారిగా ఆ దారిని వెడల్పు చేసే పని చేపట్టారు. కొండను కొత్తగా చెక్కిన చోట వానకు మట్టి, రాళ్లు జారతాయన్నదీ గుర్తుంచుకోవాలి.

మూడోది చుట్టు అనిపించినా పెద్ద బండికి అదే మేలు. అనకాపల్లి నుంచి ఆనందపురం వైపు వెళ్లే ఆరు వరుసల బైపాస్ వల్ల విశాఖ నగరం ఇరుకులోకి పోనక్కర్లేదు. శృంగవరపుకోట దాటాక అరకు సుమారు 60 కిలోమీటర్లు. టూరిస్టు బస్సులు ఏళ్లుగా తిరుగుతున్న ఘాట్ అది. అలాగని అది కడుపులో చల్ల కదలకుండా దిగే దారి కాదు. 2021 ఫిబ్రవరి 12 సాయంత్రం అరకు చూసి దిగుతున్న టూరిస్టు బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. దిగుతూ ఉండటం, పొద్దుగూకే వేళ కావడం, ఈ రెండూ ఏ పెద్ద బండికైనా ప్రమాదాన్ని దగ్గర చేసేవే. రోజంతా తిరిగి అలిసిన డ్రైవర్ సాయంత్రం ఘాట్ దిగడం కంటే, రాత్రి అరకులోనే ఉండి, మంచు విడిచాక పొద్దున తొమ్మిది పది మధ్య దిగడం ఎంతో నయం. పడుకోవడానికి ఇల్లు వెంటే ఉన్న క్యారవాన్‌కు అది కష్టమైన పనీ కాదు.

శ్రీశైలం సంగతి వేరు. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా వెళ్లేది అందరూ ఎరిగిన దారి. దోర్నాల నుంచి క్షేత్రం దాకా సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవి, పులుల అభయారణ్యం. శిఖరేశ్వరం దాకా ఎక్కి, అక్కడి నుంచి ఆలయం వైపు దిగుతుంది. మాచర్ల, నాగార్జునసాగర్, దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా తెలంగాణ వైపు నుంచి రావడం ఇంకొకటి. సాగర్ కూడా చూడొచ్చని కొందరు దీన్ని ఎంచుకుంటారు. ఈ దారిలో దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ దగ్గర కృష్ణ గర్భం దాకా మెలికలు తిరుగుతూ దిగి, వంతెన దాటి, అవతల సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కాలి. తిరుగు ప్రయాణమూ ఇటే అయితే ఆ దిగుడు రెండోసారి, ఈసారి సున్నిపెంట వైపు నుంచి. కారులో వెళ్లేవారికి అది కనువిందు. పది టన్నుల బండికి మాత్రం ఒకే ప్రయాణంలో బ్రేకులను రెండుసార్లు కాల్చే దారి. దోర్నాల వైపు నుంచే వెళ్లి, డ్యామ్ చూడటానికి కొండ మీద నుంచి జీపు మాట్లాడుకుంటే సరిపోతుంది.

దోర్నాల దారికి ఒక గడియారం కూడా ఉంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీ శాఖ గేటు మూసేస్తుంది. గేటు మూసేలోగా దాటాలన్న తొందరలో దోర్నాల దాకా బండిని తరుముకొచ్చి, వేడెక్కిన టైర్లు, అలిసిన కళ్లతో చీకట్లో ఘాట్‌లోకి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. తెల్లవారుజామున నాలుగింటికి విజయవాడలో బయల్దేరితే పూర్తి వెలుతురులో అడవిలోకి చేరొచ్చు. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు మాత్రం ఏ వేళ వెళ్లినా ఈ ఘాట్ పెద్ద క్యారవాన్‌కు తగదు. వాలు మీద ఆగి, కదిలి, ఆగి, కదిలి పోవాల్సి రావడం క్లచ్‌ను కాల్చేస్తుంది.

మారేడుమిల్లికి దారి ఎంపిక మరీ ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ వలయంగా తిరగొచ్చు. ఇబ్రహీంపట్నం నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం, ఆపైన చింతూరు చేరుస్తుంది. అక్కడి నుంచి మారేడుమిల్లి, రంపచోడవరం, రాజమహేంద్రవరం మీదుగా విజయవాడ తిరిగి రావచ్చు. చాలామంది రాజమహేంద్రవరం వైపు నుంచే మొదలుపెడతారు. పెద్ద బండి మాత్రం దీన్ని తిరగేయాలి. నిటారు మలుపులు ఎక్కువగా ఉన్నది మారేడుమిల్లికీ చింతూరుకూ మధ్య. భద్రాచలం వైపు నుంచి వస్తే ఆ మలుపులన్నీ ఎక్కడానికి వస్తాయి. దిగడం రంపచోడవరం వైపు, నెమ్మదైన వాలు మీద. చూసే ఊళ్లు అవే, దూరమూ అదే. భద్రాద్రి రాముడి దర్శనం మొదట్లో అవుతుంది, అంతే తేడా.

ఊటీ దాకా వెళ్లాలనుకునేవారికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. వేసవి రద్దీలో అక్కడి అధికారులు కూనూరు మీదుగా ఎక్కించి, కోటగిరి మీదుగా దించుతుంటారు. మసినగుడి వైపు 36 మలుపుల కల్హట్టి ఘాట్‌లోకి పెద్ద బండి అడుగు పెట్టకూడదు. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. 2024 మే నుంచి నీలగిరులకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు.

కొండ దాకా పోకముందే, ఊరు దాటడంలోనే ఎత్తు సమస్య ఎదురవుతుంది. నెత్తిన ఏసీ, సోలార్ పలకలు బిగించాక బండి ఎత్తు ఎంతో టేపు పెట్టి కొలిచి, డ్రైవర్ ఎదుట అద్దం మీద రాసి అంటించాలి. గుంటూరు మూడు వంతెనల లాంటి రైలు వంతెనల కిందకు అలవాటుగా తిప్పేస్తే అక్కడే ఇరుక్కుంటుంది. అడవి దారుల్లో రోడ్డు మీదకు వంగిన కొమ్మలూ అంతే.

ఘాట్‌లో ఇరుకు చోట ఎదురుపడినప్పుడు ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నిబంధన. వాలు మీద ఆగిన బరువు బండి మళ్లీ కదలడం కష్టం కాబట్టి పెట్టిన నిబంధన అది. క్యారవాన్ దిగుతూ ఉంటే ముందు మలుపుల్లోకి చూపు సారిస్తూ, ఎదురుగా లారీ కనబడగానే వెడల్పున్న చోటే ఆగిపోవాలి. వెనక కార్లు బారులు తీరి హారన్లు కొడుతుంటే తొందరపడి దిగకుండా, ఖాళీ దొరికిన చోట పక్కకు తీసి వాటిని పోనివ్వాలి. ఆ ఆగిన ఐదు నిమిషాలు డ్రమ్ములు చల్లారడానికీ పనికొస్తాయి. పక్కన ఒక మనిషి దిగి చూసే అలవాటు ఉండాలి. పాత లారీల్లో క్లీనర్ చేసిన పని అది. క్యారవాన్లో క్లీనర్ ఉండడు కాబట్టి ఇంట్లోవాళ్లలో ఒకరు నేర్చుకోవాలి: డ్రైవర్ అద్దంలో కనిపించే చోట, బండికి లోయకు మధ్యకు రాకుండా నిలబడి, చేత్తో సైగ చేయడం.

బండి పొడవు తొమ్మిది, పది మీటర్లు దాటి, ఎగ్జాస్ట్ బ్రేక్ లేక, డ్రైవర్‌కు ఘాట్ కొత్త అయితే ఇంకో దారి ఉంది, దాన్ని ఓటమిగా ఎవరూ అనుకోనక్కర్లేదు. క్యారవాన్‌ను శృంగవరపుకోటలో లాడ్జి ఆవరణలోనో పెట్రోలు బంకు యజమానిని అడిగో నిలిపి, రాత్రి అందులోనే పడుకోవచ్చు. పొద్దున విశాఖ నుంచి కిరండుల్ వెళ్లే రైలు ఆ ఊరి మీదుగానే అరకు ఎక్కుతుంది. 2017లో ఈ రైలుకు అద్దాల బోగీ తగిలించారు. సొరంగాలు, వంతెనలు, లోయలు దాటుతూ పోయే ఆ దారిలో స్టీరింగ్ పట్టుకునే పని లేక, డ్రైవర్ కూడా పిల్లలతోపాటు కిటికీ పక్కన కూర్చుని కొండలు చూడొచ్చు.